అరుగు బడి నుంచి ప్రైవేటు దాకా: ఇడుపులపాయ సీమలో అయ్యవారిని ఎంచుకున్న తీరు

కడప జిల్లా పడమటి సీమలో, అంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల, బడి వేళ దాటాక పిల్లలు డబ్బు కట్టి చదువుకోవడాన్ని ‘ప్రైవేటుకు పోవడం’ అంటారు. కొత్త తరం ‘ట్యూషను’ అంటుంది. చెప్పే మనిషి అయ్యవారు, నోటి వాడుకలో అయ్యోరు. ప్రైవేటు అనేది బడికి తోకలా తర్వాత పుట్టుకొచ్చిందని అందరూ అనుకుంటారు గాని, చరిత్ర క్రమం దీనికి తలకిందులు. సర్కారు బడి రాకముందు ఈ సీమలో ఉన్న చదువంతా ప్రైవేటు చదువే. అయ్యవారిని వెతకడం, జీతం మాట్లాడుకోవడం, నచ్చకపోతే మాన్పించడం తల్లిదండ్రుల పనే.

ఏ అయ్యవారు మంచివాడు అన్న ప్రశ్నకు జవాబు మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చింది. పిల్లవాడికి చదువు వచ్చిందో లేదో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే, వాళ్లను మెప్పించగలిగిన అయ్యవారికే గిరాకీ. ఆ అధికారం మొదట ఊరి చేతిలో ఉండేది. తర్వాత ఇన్‌స్పెక్టరుకు, ఆ తర్వాత పబ్లిక్ పరీక్షకు, చివరికి ప్రవేశ జాబితాకు చేరింది. వేంపల్లె మండలంలో కొండల నడుమ చిన్న పల్లెగా ఉన్న ఇడుపులపాయ 2008లో ఈ కథలోకి వచ్చింది.

అరుగు బడి

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాల్లో కడప, బళ్లారి సీమలు ఉన్నాయి. వాటికి తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తంలో బడులెన్ని, చదివేవాళ్లెందరు అని లెక్క తీయమని 1822 జూన్‌లో కలెక్టర్లకు ఉత్తరువు పంపాడు. కడప జిల్లా నుంచి వచ్చిన లెక్కలో 494 బడులు కనిపిస్తాయి. ఇవేవీ సర్కారు పెట్టినవి కావు. అయ్యవారి ఇంటి అరుగు మీదో, గుడి మంటపంలోనో, ఊరి పెద్ద పంచలోనో నడిచే వీధి బడులు.

ఆ బడి లోపల ఏం జరిగేదో వివరంగా రాసినవాడు పక్కనున్న బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. 1823 ఆగస్టు 17 నాటి అతని నివేదిక ప్రకారం బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. వాటిలో 226 తెలుగు బడులు. బడికి సగటున పన్నెండు మంది. ఒకే దత్తమండలంలోని ఇరుగు పొరుగు జిల్లాలు కాబట్టి కడప పల్లెల బడి స్వరూపాన్ని కూడా ఈ నివేదికతో ఊహించుకోవచ్చు.

పిల్లవాడికి ఐదో ఏడు రాగానే మంచి రోజు చూసి, వినాయకుడికి పూజ చేసి, బియ్యంలో వేలు పట్టి అక్షరం దిద్దించేవారు. ఆ తర్వాత ఇసుకలో ఓనమాలు, గుణింతాలు, ఎక్కాలు. పొద్దున ఆరు గంటలకే బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు దేవత పేరు రాసేవాడు, రెండోవాడికి సున్న చుట్టేవాడు. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటే పెరిగేవి. ‘శ్రీ, చుక్క’ అని తెలుగు బడుల్లో చాలాకాలం నిలిచిన ఆచారం ఇదే. చదవని పిల్లల్ని చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం, ఆపకుండా తీయించే గుంజిళ్లు కూడా ఆ నివేదికలో ఉన్నాయి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పే ఏర్పాటును మాత్రం క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

జీతం కట్టే పద్ధతిలోనే అయ్యవారి పనికి కొలత ఉండేది. చదవడం నేర్చుకునే దశలో నెలకు పావు రూపాయి. కాగితం మీద రాయడానికో, పెద్ద లెక్కలకో వచ్చాక అర రూపాయి. మెట్టు ఎక్కిస్తేనే జీతం పెరిగేది కాబట్టి, పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తండ్రికి తెలిసి తీరాలి. తేల్చడానికి వేరే పరీక్ష అక్కరలేదు. ఇంటికొచ్చిన ఉత్తరం చదివించి చూస్తే చాలు. కోమటి ఇంట చిట్టా, ఆవర్జాలు రాయించి చూస్తారు. రైతు ఇంట వడ్డీ లెక్క కట్టించి చూస్తారు. వీసం, పరక, కాలు, ముప్పాతిక ఎక్కాలు తప్పులేకుండా అప్పజెప్పగలిగితే అయ్యవారు పనికొచ్చినవాడే. దసరా పండగలో పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పద్యాలు చదివేవారు. అయ్యవారికి కానుకలు, పిల్లలకు పప్పు బెల్లాలు దక్కేవి. ఏ బడి పిల్లలు గొంతెత్తి చదివారో, ఎవరు తడబడ్డారో ఊరంతా వినేది. పండగే బడికి బహిరంగ పరీక్ష.

ఈ ఎంపికకు హద్దులూ గట్టివే. బళ్లారి లెక్కలోని 6,398 మంది హిందూ విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మందే. మాల, మాదిగ వాడల పిల్లలకు అరుగు మీద చోటు లేదు. కరణాల పిల్లలు దస్త్రం రాయడం ఇంట్లోనే తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునేవారు. ఉద్యోగమే వారసత్వంగా వచ్చేది కాబట్టి అయ్యవారిని వెతికే పని వాళ్లకు తక్కువ. చదువు నాణ్యత మీద కూడా క్యాంప్‌బెల్‌కు ఫిర్యాదు ఉంది. పిల్లలు కంఠతా పట్టే పద్యాల అర్థం చాలామంది అయ్యవార్లకే తెలియదన్నాడు. అంతకంటే పెద్ద సంగతి, బడి మానేసేవాళ్లు పెరుగుతున్నారన్నాడు. విదేశీ బట్టల రాకతో నేతపని దెబ్బతిని మధ్య తరగతి, కింది తరగతి జనం జీతం కట్టలేకపోతున్నారనీ, పసిచేతులతోనూ పని చేయించుకోక తప్పడం లేదనీ రాశాడు. మంచి అయ్యవారు ఎవరన్న ప్రశ్న అలాంటి ఇళ్లలో తలెత్తనే లేదు.

ఊరు విడిచి అయ్యవారి కోసం

వేదం, శాస్త్రం చదవాలనుకునే బ్రాహ్మణ బాలుర దారి వేరు. కడప కలెక్టరు తన నివేదికలో ప్రత్యేకంగా రాసిన విషయం ఇదే. పది నుంచి పదహారేళ్ల వయసులో, ఇంటి దగ్గర చదువు చెప్పించుకునే స్తోమత లేని పిల్లవాడు ఊరు విడిచి, జీతం లేకుండా చెప్పే గురువును వెతుక్కుంటూ పోయేవాడు. ఆ దూరం పది మైళ్లు మొదలుకొని వంద మైళ్ల దాకా ఉండేది. ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూసేది లేదు.

గురువు చదువు చెప్పేవాడే గాని అన్నం పెట్టేవాడు కాదు, ఆయనా పేదవాడే. కూడు పెట్టింది ఊరు. రోజూ ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకోవడం మధూకరం. వారంలో రోజుకొక ఇల్లు కుదుర్చుకుని భోంచేయడం వారాలు చేసుకోవడం. పరాయి ఊరి పిల్లలకు ఆ ఊరివాళ్లు ఇలా ఏళ్ల కొద్దీ అన్నం పెట్టడం కలెక్టరుకు ఆశ్చర్యం కలిగించింది. ఇక్కడ అయ్యవారిని ఎంచుకునేది తండ్రి కాదు, విద్యార్థే. పండిత సభల్లో ఎవరి శిష్యులు నిలబడుతున్నారో చెవిన పడితే ఆ దిక్కుకు నడవడమే. ఎంత మంచి గురువైనా, వారాలిచ్చే ఇళ్లు లేని ఊళ్లో ఉంటే శిష్యులు నిలవరు. అయ్యవారితో పాటు ఊరిని కూడా ఎంచుకోవలసి వచ్చేది.

దొర వెతుక్కున్న పండితులు

1820 ఆగస్టులో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కథ కూడా అయ్యవార్ల ఎంపిక కథే. కంపెనీ కొలువులో చేరిన యువకులకు దేశభాషలు నేర్పడానికి మద్రాసులో 1812లో పెట్టిన కాలేజీలో బ్రౌన్ మూడేళ్లు ఉండి, పరీక్ష గట్టెక్కి వచ్చాడు. కడప కలెక్టరు హాన్‌బరీ జనంతో తెలుగులో ధారాళంగా మాట్లాడుతుంటే, పరీక్ష గెలిచిన తనకు ఆ శక్తి లేదని గ్రహించాడు. పరీక్ష చదువుకూ భాష రావడానికీ మధ్య ఎంత దూరముందో ఈ సీమలో నమోదైన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

బ్రౌన్ ఎన్నుకున్న దారి ఒక్క పండితుడి మీద ఆధారపడనిది. కచేరీలో రైతుల మాట వింటూ వాడుక భాష పట్టుకున్నాడు. కావ్యాలకు పండితుల్ని జీతమిచ్చి పెట్టుకుని, ఒకే గ్రంథం ప్రతులు అనేకం తెప్పించి, పాఠాలు పోల్చి చూపించమన్నాడు. జూలూరి అప్పయ్యశాస్త్రి వంటి వాళ్లు ఆయనకు అలా పనిచేసినవారే. కడపలో ఆయన బంగళాలో నడిచిన ఈ పండిత కూటమికి ‘బ్రౌన్ కాలేజీ’ అనే పేరు పడింది. 1829లో అచ్చయిన వేమన పద్యాల సంపుటం, తర్వాతి కాలపు నిఘంటువులు ఈ పద్ధతి ఫలితాలు. పిల్లల కోసం 1821లో ఆయన కడపలో రెండు ఉచిత బడులు పెట్టాడు. జీతం కట్టలేని ఇంటికి కూడా అయ్యవారు దొరికే ఏర్పాటు అది.

1822లో కడపలో అడుగుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ, ఆ శతాబ్దం రెండో సగంలో జమ్మలమడుగు చుట్టుపక్కల మాలపల్లెల్లో బడులు పెంచింది. అరుగు మీద చోటు దొరకని పిల్లలకు అక్షరం చెప్పిన తొలి అయ్యవార్లలో చాలామంది ఈ పల్లె బడుల పంతుళ్లే. అక్కడ ఎంచుకునే అవకాశం లేదు, ఉన్న ఒక్క పంతులే అయ్యవారు. కాని రెండు తరాల్లో చదువుకున్న కుటుంబాలు తయారై, వాటికీ ఎంపిక అనే ప్రశ్న ఎదురైంది.

ఇన్‌స్పెక్టరు రాక

1854 నాటి ఉడ్ ప్రకటన తర్వాత సర్కారు బడికి గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. మద్రాసు రాజధానిలో 1860ల చివరి నుంచి ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ పద్ధతి అమల్లోకి వచ్చింది. ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవాడినీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఎందరు గట్టెక్కితే అయ్యవారికి అంత డబ్బు. అరుగు బడి పేరు రిజిస్టరులోకి ఎక్కింది, అయ్యవారి చూపు ఊరి మీద నుంచి ఇన్‌స్పెక్టరు మీదికి మళ్లింది. వీసం ఎక్కాలకంటే ఇన్‌స్పెక్టరు అడిగే పాఠ్యపుస్తకం పేజీలు ముఖ్యమయ్యాయి. గట్టెక్కగలిగిన పిల్లల మీద శ్రద్ధ, వెనకబడినవాళ్ల మీద అశ్రద్ధ అన్న విమర్శ ఆనాడే వచ్చింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో సర్కారు ఈ పద్ధతిని వదిలేసింది.

ఈలోగా పై మెట్టు పరీక్ష వేళ్లూనింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టాక మెట్రిక్యులేషను, 1910 ప్రాంతం నుంచి ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. సర్కారు కొలువుకు తలుపులయ్యాయి. తాలూకా కేంద్రాల్లో హైస్కూళ్లు వచ్చాయి. ఇంగ్లీషు, లెక్కలు ఈ రెండూ పల్లె ఇళ్లలో ఎవరూ సాయపడలేని సబ్జెక్టులు కాబట్టి, హైస్కూలు పంతులు సాయంత్రం ఇంట్లో చెప్పే ‘ప్రైవేటు’కు గిరాకీ పుట్టింది. మాట కూడా అప్పుడే తెలుగులో ఈ కొత్త అర్థంతో కుదురుకుంది. బడిలో పాఠం చెప్పే మనిషే ప్రైవేటు చెప్పేవాడూ కావడంతో ఒక చిక్కు వచ్చి పడింది. ప్రైవేటుకు పోని పిల్లవాడి మీద బడిలో ఆయన చూపు ఎలా ఉంటుంది అన్న శంక తల్లిదండ్రుల ఎంపికలో ఒక భాగమైంది. ఆ శంకకు చట్టం జవాబు చెప్పడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

పరీక్షకు తయారుచేసే అయ్యవారు, చదువు చెప్పే అయ్యవారు ఒకరే కానక్కరలేదని ప్రొద్దుటూరుతో ముడిపడిన ఒక జీవితం చూపిస్తుంది. 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో ఏళ్ల తరబడి ఉండి ‘శివతాండవం’ రాసిన కవి. సంస్కృతం ఇంట తండ్రి దగ్గర, ఇంగ్లీషు సాహిత్యం పెనుకొండలో ఉన్న పిట్ అనే ఆంగ్ల అధికారి భార్య దగ్గర, శాస్త్రాలు తిరుపతిలో నేర్చుకున్నారు. ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క గురువు. చిన్ననాట ఆయన రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తర్వాత విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమై, ఆ పరీక్షకే ఆయన కూర్చుని తప్పారన్నది సాహిత్య లోకంలో అందరికీ తెలిసిన ముచ్చట. సమాధానం అవసరానికి మించి పెంచి రాయడమే కారణమంటారు. పుస్తకం రాసినవాడికి కూడా పరీక్ష రాయడం వేరే విద్యే.

ప్రవేశ పరీక్షల కాలం

స్వాతంత్ర్యం తర్వాత 1959 నాటి చట్టంతో జిల్లా పరిషత్తులు ఏర్పడి, పెద్ద పల్లెలకు హైస్కూళ్లు వచ్చాయి. బడి దగ్గరైన కొద్దీ పోటీ దూరం జరిగింది. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్యాలయం, మరుసటి ఏడాది అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో వచ్చినది, 1986 నుంచి నవోదయ విద్యాలయాలు పదేళ్ల పిల్లలకే ప్రవేశ పరీక్ష పెట్టాయి. ఐదో తరగతి పిల్లవాడిని ‘కోచింగు’లో వేయడం అప్పుడు మొదలైంది. అదే 1986లో ఇంజనీరింగు, వైద్య విద్యలకు ఎంసెట్ వచ్చింది. కోస్తాలో గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీల వైపు రాయలసీమ పిల్లలు కూడా బస్సెక్కారు. బ్యాంకు పరీక్షలకు పొరుగునున్న నంద్యాల, ఉపాధ్యాయ నియామక పరీక్షకు కృష్ణా జిల్లా అవనిగడ్డ పేరుపడ్డాయి. అయ్యవారి కోసం వంద మైళ్లు నడిచిన పాత అలవాటు కొత్త రూపంలో తిరిగొచ్చింది. అన్నం పెట్టే ఊరు బదులు మెస్సు బిల్లు వచ్చింది.

కొలత కూడా మారింది. అరుగు బడిలో తన పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడన్నది తండ్రి చూసేవాడు. కోచింగు కాలంలో ఆయన చూసేది గోడ మీది ఫొటోలు, నిరుటి ర్యాంకులు. అవి ఎవరి పిల్లలవో, మొత్తం ఎంతమంది చేరితే అన్ని ర్యాంకులు వచ్చాయో గోడ చెప్పదు. పేరున్న అయ్యవారు ఉన్నంత మాత్రాన తన పిల్లవాడికి పాఠం చెప్పేది ఆయనే అన్న హామీ లేదు.

ఇడుపులపాయ

2008లో శాసనసభ చేసిన చట్టంతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ప్రాంగణాలు తెరిచారు. జనం నోట ఇది ‘ట్రిపుల్ ఐటీ’. ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు, దీనికి కులపతిగా పనిచేశారు. పదో తరగతి ముగియగానే పల్లె పిల్లల్ని తీసుకుని, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించడం ఏర్పాటు. తొలి ఏడు ఒక్కో ప్రాంగణంలో రెండు వేల మందిని చేర్చుకున్నారు. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్, తెర మీద పాఠం, పక్కన సందేహాలు తీర్చే ‘మెంటరు’. పాఠం చెప్పేవాడినీ, పక్కన కూర్చుని చెప్పించేవాడినీ వేరు చేసిన ఈ పద్ధతిలో, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పాత అరుగు బడి పోలిక కనిపిస్తుంది.

ప్రైవేటు చరిత్రకు ఇక్కడ ముఖ్యమైనది ప్రవేశ నియమం. విడిగా ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితమే గీటురాయి. ఆవాసం లేని సర్కారు బడుల్లో చదివినవారికి గ్రేడు పాయింట్ల సగటుకు 0.4 కలిపే వెసులుబాటు కూడా పెట్టారు. 2012 నుంచి పదో తరగతిలో మార్కుల బదులు గ్రేడులు రావడంతో, పదికి పది పాయింట్లన్నది లక్ష్యమైంది. పాయింట్లు సమానమైనప్పుడు లెక్కల వంటి సబ్జెక్టుల గ్రేడు ముందు చూసేవారు. ఈ నియమాలు తల్లిదండ్రుల లెక్కను మార్చేవే. ఫీజు కట్టి పట్నం బడిలో వేయడం కంటే, జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉంచి సాయంత్రం లెక్కల ప్రైవేటు పెట్టించడం లాభమయ్యే సందర్భాలు వచ్చాయి. దూరపు కోచింగు సెంటరు కంటే పాఠ్యపుస్తకం ఆసాంతం చెప్పగల దగ్గరి అయ్యవారు మళ్లీ విలువైనవాడయ్యాడు.

కొవిడ్ వల్ల 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు గీటురాయే లేకుండా పోయింది. ఆ ఏడాది డిసెంబరులో విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పెట్టింది. మరుసటి ఏడూ అంతే. 2022లో పదో తరగతి మార్కుల పద్ధతికి తిరిగి వచ్చింది. రెండేళ్లపాటు బిట్లకు తర్ఫీదిచ్చే కోచింగుకు, తర్వాత మళ్లీ పబ్లిక్ పరీక్ష జవాబు రాయించే అయ్యవారికి గిరాకీ మారవలసి వచ్చింది.

చట్టం ఎంతవరకు

ప్రైవేటు చెప్పే సర్కారు పంతులు మీద పాత శంకకు 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను జవాబు చెప్పింది. ఏ ఉపాధ్యాయుడూ ప్రైవేటు ట్యూషను చెప్పకూడదు. అందువల్ల ఊళ్లో అందరికంటే ఎక్కువ అనుభవమున్న మనిషి చట్టం ప్రకారం ఎంపికలో లేడు. ఆ చోటు పట్టభద్రులైన యువకులకు, ఇంటి దగ్గరుండే చదువుకున్న ఆడవాళ్లకు, రిటైరైన పంతుళ్లకు మిగిలింది.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగు సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదు, చెప్పేవాళ్లకు కనీసం డిగ్రీ ఉండాలి, ర్యాంకు గ్యారంటీ అని ప్రకటించకూడదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు తిరిగివ్వాలి. గోడ మీది ఫొటోలను సర్కారు ప్రశ్నించడం ఇదే మొదలు కాకపోయినా, అయ్యవారి అర్హతను, ప్రకటనను, ఫీజును ఒకే చోట కట్టడి చేసే ప్రయత్నంగా దీనికి ప్రాముఖ్యం ఉంది.

అయితే ఈ మార్గదర్శకాలు కోచింగు సెంటరు అంటే యాభై మందికి పైగా విద్యార్థులున్నదని నిర్వచించాయి. వేంపల్లె వీధిలోనో, జమ్మలమడుగు మిద్దె మీదో పది పన్నెండు మందికి చెప్పే ప్రైవేటు వాటి కిందికి రాదు. 1823 లెక్కలో అరుగు బడి సగటు కూడా పన్నెండే. ఆ కొలత ప్రైవేటుకు ఇప్పటికీ ఇన్‌స్పెక్టరు లేడు. అక్కడ చేరిన పిల్లవాడు నిరుడు రాని లెక్క ఈ ఏడు చేయగలుగుతున్నాడా లేదా అన్నది, పావు రూపాయి జీతం అర రూపాయి చేయాలా వద్దా అని ఒకప్పుడు తండ్రి చూసుకున్నట్టే, ఇంటివాళ్లే చూసుకోవలసి ఉంది.